అత్తయ్య చేతి బోణీ

కూరగాయల బండి మా వీధిలోకి రాకముందే దాని గొంతు వస్తుంది. బండికి కట్టిన స్పీకరులో ఎప్పుడో రికార్డు చేసి పెట్టుకున్న మాటలే రోజూ: "టమాటాలు, వంకాయలు, బీరకాయలు, తోటకూర, పాలకూర... రండమ్మా రండి." గుడివాడలో మాది మలుపు తిరగగానే మొదటి ఇల్లు కాబట్టి బండి మొదట మా గేటు ముందే ఆగుతుంది. మావారు ఉన్నన్నాళ్లూ ఆ పిలుపు వినబడగానే పేపరు మడిచి పక్కన పెట్టి, వంటింటి తలుపు వెనక కొక్కేనికి వేలాడే గుడ్డసంచి తీసుకుని వెళ్ళేవారు. ఆయనకు బేరమాడడం చేతకాదు, ముదురూ లేతా అసలే తెలియదు. నేను ఇంట్లోంచి కేకలు వేసేదాన్ని, ఆయన నవ్వేవారు. ఆయన పోయాక ఆ పని నాకు వచ్చింది. గేటు దాకా వెళ్తాను, గడియ మీద చెయ్యి వేస్తాను, అక్కడ ఆగిపోతాను. "ముందు అటు వెళ్ళిరా శీనూ, వచ్చేటప్పుడు తీసుకుంటాలే" అంటాను. శీను అంటే ఆ బండి తోసుకొచ్చే కుర్రాడు. ఎదురింటి లలితగారు కొన్నాక, వీధి చివరిదాకా నలుగురూ ఏరుకున్నాక, తిరుగు దారిలో మిగిలినవి నేను కొంటాను.

ఇలా ఎందుకు చేస్తున్నానో కొన్నాళ్లు నాకే తెలియలేదు. తెలిసిన రోజున నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. పొద్దున్నే జరిగే మొదటి బేరాన్ని బోణీ అంటారు కదా, ఆ బోణీ మంచి చేత్తో జరగాలనీ, భర్త పోయిన మనిషి చేత్తో జరిగితే ఆ రోజు వ్యాపారం సాగదనీ ఒక నమ్మకం. నేను ఉద్యోగమంతా హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. ఆ నమ్మకాన్ని ఏనాడూ ఖాతరు చేసినదాన్ని కాదు. కానీ మొన్నొక ఉదయం, లలితగారు కొనడం ఎప్పుడవుతుందా అని గేటు లోపల కనిపెట్టుకుని ఉన్నప్పుడు చూసుకుంటే, నేను నిటారుగా నిలబడి లేను. కాలి చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి ఉన్నాను. పట్టీ బాగానే ఉంది. ఆ వంగడం నాది కాదు, మా కనకమ్మత్తయ్యది.

అత్తయ్య నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే బందరులో మా ఇంటికి వచ్చేసింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంట్లో ఉంది, వంటింటి గట్టులాగా, పెరట్లో నూతి గిలకలాగా. అంచు లేని లేతరంగు చీర, బొట్టు లేని విశాలమైన నుదురు, కుడిచేతి బొటనవేలి మీద కత్తిపీట గాటు. నాన్న ప్రాథమిక పాఠశాల మాస్టారు. ఆయన జీతంలో బియ్యానికీ, అద్దెకూ, మా ఫీజులకూ పోగా కూరలకు మిగిలేది తక్కువే. ప్రతి సోమవారం పొద్దున పూజ గది గూట్లో ఉన్న ఇత్తడి కుంకుమ భరిణెలో కూరల డబ్బులు పెట్టేవాడు. ఆ భరిణెలో కుంకుమ ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. అది అత్తయ్య పెళ్ళినాటి భరిణె అని చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది. ఆ డబ్బులతో వారమంతా ఇంటిల్లిపాదికీ కూర, పచ్చడి, పులుసు, పిల్లలకు ఏదో ఒక పండు అమర్చడం అత్తయ్య పని. అమ్మ వండేది, అత్తయ్య కొని, తరిగి ఇచ్చేది. వదినా మరదళ్ల మధ్య అదొక ఒప్పందం, ఎవరూ ఎప్పుడూ పైకి అనుకోనిది.

సెలవు రోజుల్లో అత్తయ్య వెంట నేను వెళ్ళేదాన్ని. మేం బజారుకు బయల్దేరే వేళకు ఊళ్ళో వాళ్ళందరూ బజారు చేసుకుని ఇళ్లకు వచ్చేసి, వంటలు కూడా అయిపోయి ఉండేవి. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయాక, వీధి ఖాళీ అయ్యాక, అత్తయ్య గుమ్మంలోంచి అటూ ఇటూ చూసి అప్పుడు కాలు బయట పెట్టేది. దారిలో ఎవరైనా పెట్టె చేత పట్టుకుని ఊరికి బయల్దేరుతూ ఎదురైతే, ఠక్కున పక్కసందు మొదట్లోకి జరిగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేది. వాళ్ళు దాటిపోయాక లేచేది. అత్తయ్య చెప్పులు పాతవి కాబట్టి ఊరికే జారిపోతుంటాయని నేను అనుకునేదాన్ని. నాన్న కొత్త చెప్పులు కొన్నాక కూడా వంగుతుంటే, ఇవీ మంచివి కావేమో అనుకున్నాను.

"పొద్దున్నే వెళ్దాం అత్తయ్యా, మంచి కూరలు దొరుకుతాయట కదా" అని ఒకసారి అడిగాను.

"పొద్దున్న కూరలకి పొగరెక్కువే. రేటు అడిగితే మొహం తిప్పుకుంటాయి. కాస్త ఎండ తగిలిందనుకో, అవే దారికొస్తాయి" అంది.

ఆ మాట మా ఇంట్లో సామెతైపోయింది. తమ్ముడు చదువుకోకపోతే "వీడికింకా ఎండ తగల్లేదు" అనేవాడు నాన్న. అందరం నవ్వేవాళ్లం. అందులో నిజం లేకపోలేదు. బజారు కట్టేసే వేళకు రేట్లు సగానికి పడిపోయేవి. గోనెపట్టాలు దులుపుకుంటూ, మిగిలిన సరుకును మళ్ళీ బస్సెక్కించుకు పోలేక, పోగులు పెట్టి "ఎంతోకొంత ఇచ్చి తీసుకెళ్ళండమ్మా" అనేవాళ్లు. వాడిన తోటకూర, మెత్తబడిన టమాటాలు, ముదిరిన బెండకాయలు, ఒకవైపు నల్లబడిన అరటిపళ్లు. నాకు ఆ బజారు వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. నలిగిన కొత్తిమీర, తడి గోనె, కుళ్ళిన ఉల్లిపాయ, వాటి మీద ఎండ. గిలకలదిండి నుంచి వచ్చే చేపల గంపల నీళ్లు దారి పొడుగునా కారి, ఆ నీచు వాసన కూడా వాటిలో కలిసేది. అత్తయ్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది కానీ కళ్లు మాత్రం పోగుల మీదే ఉండేవి.

అలా తెచ్చినవాటితో ఆమె చేయించిన వంటలు తిన్నవాళ్లెవరూ అవి బజారు చివర మిగిలిన సరుకని అనుకోరు. వాడిన తోటకూరను తడిగుడ్డలో చుట్టి కుండ పక్కన పెడితే సాయంత్రానికి తల ఎత్తేది. ఆకు వేపుడుకు, కాడలు పులుసుకు. మెత్తటి టమాటాలు పచ్చడికి. ముదురు బెండకాయల గింజలు వలిచి పప్పులో. బీరకాయ తొక్కుతో ఒక పచ్చడి, ఆనపకాయ తొక్కుతో ఇంకొకటి. నల్లబడిన అరటిపళ్ల తొక్క తీసి, బెల్లం, కొబ్బరికోరు కలిపి మాకు ఆకుల్లో పెట్టేది, పండగేదో వచ్చినట్టు. పుచ్చు వంకాయను ఆమె తరిగే తీరు చూడాలి. మంచిదాన్ని కోసినదానికంటే నెమ్మదిగా, పుచ్చు ఎంతవరకు పోయిందో అంతవరకే తీసేసి, మిగతాది ఉప్పునీళ్లలో వేసేది. "దీని తప్పేముందే, పురుగు దీన్ని వెతుక్కుంటూ వచ్చింది" అనేది. అప్పట్లో అది వంకాయ గురించే అనుకున్నాను.

డైరీ రాయడం నాకు అప్పుడే అలవాటైంది. ఏదో కంపెనీ వాళ్లు నాన్నకు ఇచ్చిన డైరీ ఆయన నాకిచ్చి, "రోజూ నాలుగు ముక్కలు రాయి, నిజం రాయి" అన్నాడు. నిజం అంటే రేట్లు అనుకున్నాను కాబోలు, ఆ డైరీలన్నిట్లో కూరల ధరలే ఉన్నాయి. ఇప్పుడు నేను చెప్పబోయే రోజు కోసం మొన్న అటక మీది పెట్టె దింపించి వెతికాను. ఆ పేజీలో "బస్సు ఆలస్యం. బీరకాయలు చవక" అని మాత్రం ఉంది. మిగతాది ఇన్నాళ్లూ ఏ పేజీలోనూ లేకుండా నాలోనే ఉండిపోయింది.

బజారులో అత్తయ్యకు అందరికంటే నచ్చిన మనిషి నాంచారమ్మ. నాగాయలంక అవతల లంకలో వాళ్ల ఊరు. తెల్లవారకముందే గంపలు నింపుకుని మొదటి బస్సు టాపు మీద వేయించుకుని బందరు వచ్చేది. లంక నేలలో పండిన కూరలకు ఒక మెరుపుంటుంది, రుచీ వేరు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి నాంచారమ్మ. మోచేతి దాకా రవిక, నోట్లో పొగాకు, మాటకు ముందు నవ్వు. మేం వెళ్ళే వేళకు ఆమె సరుకు దాదాపు అయిపోయేది. అడుగున మిగిలిన నాలుగూ అత్తయ్య కోసం పక్కన పెట్టి, "అమ్మగారొచ్చేరు, ఇంక బజారు కట్టేయొచ్చు" అనేది. ఇద్దరూ ఇష్టంగా పోట్లాడుకునేవాళ్లు.

వేసవి సెలవుల్లో ఒకరోజు మేం వెళ్ళేసరికి నాంచారమ్మ గంపలు రెండూ నిండుగా ఉన్నాయి. లేత బీరకాయలు, ముళ్లు ఇంకా మెత్తబడని గుత్తి వంకాయలు, దొండకాయలు, చిన్న చిన్న దోసకాయలు. చుట్టుపక్కల అందరూ పట్టాలు మడుస్తున్నారు. అత్తయ్య కళ్లు మెరిశాయి. అంత మంచి సరుకు అంత మిగిలిందంటే ఇవాళ బేరం మనదే అనుకుంది.

"ఏమే నాంచారమ్మా, ఇవాళ బందరులో ఎవరూ కూర వండుకోలేదా?"

"మీరున్నారుగా, వండుకోడానికి" అంది నాంచారమ్మ. నవ్వింది కానీ ఆ నవ్వు అలిసిపోయి ఉంది.

అత్తయ్య బేరానికి దిగింది. చివరి వేళ రేటు అడిగింది, దానికీ ఇంకాస్త తగ్గించి అడిగింది. మామూలుగా అయితే "గంపతో సహా ఎత్తుకుపోండి" అని గొడవ చేసే మనిషి, ఆ రోజు ఒక్క మాటా అనకుండా తలూపింది. తక్కెడలో బీరకాయలు వేసి, ముల్లు కాస్త మొగ్గేలా తూచి, పైన మరో కాయ కొసరు వేసింది. నేను సంచి పట్టాను. అత్తయ్య కొంగుముడి విప్పి డబ్బులిచ్చింది. నాంచారమ్మ ఆ నాణేలను రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్లకద్దుకుని, గంపకు తాకించి, తక్కెడకు తాకించి, రొండిన దోపుకున్న సంచిలో వేసుకుంది.

అత్తయ్య మొహంలో రంగు పోయింది.

"ఏమే... బోణీయా?"

"అవునమ్మగారూ. చల్లపల్లి కాడ బస్సు టైరు పేలిపోయింది. ఇంకో బస్సు వచ్చి ఎక్కించుకునేసరికి ఇదిగో, ఈ యాళయ్యింది. ఇప్పుడే దింపా గంపలు. మీదే మొదటి బేరం."

"ముందు చెప్పొద్దుటే!" అత్తయ్య గొంతు అలా పలకడం నేను ఎప్పుడూ వినలేదు. సంచి నా చేతిలోంచి లాక్కుని బీరకాయలన్నీ గంపలో కుమ్మరించింది. "నా డబ్బులిచ్చెయ్. ఇంకెవరైనా వచ్చి కొన్నాక నేను కొంటాను."

"బోణీ డబ్బులు తిరిగిస్తారా ఎక్కడన్నా? అమ్మోయ్, అంతకన్నా అరిష్టం ఉందా?"

అప్పుడు చూడాలి అత్తయ్యను. డబ్బులు వెనక్కి తీసుకుంటే బోణీ వెనక్కి తీసుకున్నట్టు. తీసుకోకపోతే తన చేత్తో బోణీ అయినట్టు. ఏం చేసినా నాంచారమ్మకు కీడే అన్నట్టు నిలబడిపోయింది. చాపిన చెయ్యి ముందుకూ పోదు, వెనక్కూ రాదు. పక్కన నిమ్మకాయలు అమ్మే ఆమె పట్టా మడుస్తూ, "ఇవాళ నీ పని అయినట్టే నాంచారమ్మా, బస్సు పాడు, బోణీ పాడు" అంది.

"నీ నిమ్మకాయలకంటే నీ నోరే పులుపు. నోరు మూసుకుని పట్టా మడుచుకో" అంది నాంచారమ్మ. తనే బీరకాయలు ఏరి మళ్ళీ మా సంచిలో వేసింది. అత్తయ్య సంచి వంక చూడలేదు. వెనక్కి తిరిగి నడిచింది. నేను పరుగెత్తాను. దారిలో ఎవరూ ఎదురు రాకపోయినా రెండు చోట్ల వంగి చెప్పు సరిచేసుకుంది.

ఆ రోజు అత్తయ్య అన్నం తినలేదు. అంత లేత బీరకాయలు మా ఇంటికి ఎన్నడూ రాలేదు. వాటిని తరగకుండా పీట దగ్గర కూర్చుని ఉంది. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పొట్ట చేత పట్టుకుని అంత దూరం నుంచి వచ్చేది సీతా. దాని నోట్లో మట్టి కొట్టాను" అంది అత్తయ్య.

"అలా అనకండి వదినగారూ. మీకు తెలిసి చేశారా?"

"తెలియక కూడా అలా జరగకూడదనే కదే ఇన్నేళ్లు ఎండన పడి తిరుగుతున్నాను."

అప్పుడు అర్థమైంది నాకు. పొగరున్న కూరలూ, ఎండా, చవకా, అన్నీ ఆమె తన కోసం అల్లుకున్న మాటలు. చవక నిజమే, అందుకే ఆ మాట నిలబడింది. ఇంట్లో పెద్దవాళ్లకు అసలు సంగతి తెలుసు. తెలిసీ నవ్వారు, ఎందుకంటే నవ్వకపోతే ఆమె అబద్ధం ఆమె చేతిలోనే పగిలిపోతుంది. గుమ్మంలో నిలబడి ఈ మాటలు విన్న నాన్న చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళిపోవడం నేను చూశాను.

మర్నాడు నేను నిద్ర లేచేసరికి అత్తయ్య తలస్నానం చేసి, చీర మార్చుకుని, సంచి పట్టుకుని ఉంది. ఇంకా తెల్లవారుజాము చల్లగాలి తగ్గలేదు. "వస్తావా? అది వచ్చిందో లేదో చూసొద్దాం" అంది.

పొద్దుటి బజారును అంత దగ్గరగా చూడడం నాకు అదే మొదటిసారి. బస్సుల టాపుల మీంచి గంపలు దిగుతున్నాయి. మామిడికాయలవాళ్లు లెక్క మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అని, తరవాత రెండు, మూడు అంటూ పాటలా లెక్కపెడుతున్నారు. ఆకుకూరల కట్టల మీద నీళ్లు చిలకరిస్తున్నారు. అత్తయ్య బజారు లోపలికి అడుగు పెట్టలేదు. మూసి ఉన్న ఒక కొట్టు అరుగు పక్కన, స్తంభం చాటున నిలబడింది. అక్కడి నుంచి నాంచారమ్మ చోటు కనబడుతుంది. కాసేపటికి నాంచారమ్మ వచ్చింది. అత్తయ్య నా భుజం పట్టుకుంది. గంపలు దింపుకుని, పట్టా పరుచుకుని, తక్కెడ తుడుచుకుని కూర్చుంది ఆమె. ఒకాయన వచ్చి వంకాయలు అడిగాడు. నాంచారమ్మ ఏదో అంటే వెళ్ళిపోయాడు. ఇంకొకామె వచ్చింది, ఆమె కూడా వెళ్ళిపోయింది. నాంచారమ్మ మెడ సాచి అటూ ఇటూ చూస్తోంది. చూసి చూసి మమ్మల్ని పట్టేసింది.

"అమ్మగారోయ్! అక్కడ నిలబడి నాకు కాపలా కాత్తన్నారా ఏంటి? ఇటు రండి!"

బజారంతా తిరిగి చూసింది. అత్తయ్యకు రాక తప్పలేదు. గంపకు కాస్త దూరంగా నిలబడింది.

"నిన్న అమ్ముడయ్యాయా?" అంది, అది అడగడానికే వచ్చినట్టు.

"సగం మిగిలినయ్యి" అంది నాంచారమ్మ. అత్తయ్య కళ్లు మూసుకుంది. "మిగలవా మరి? మిట్టమధ్యానం దింపితే ఎవరు కొంటారు? పేలింది టైరు. టైరు పేలిందని మీ చేతినంటే నాకు కళ్లు పోతాయి."

"అలా తీసెయ్యకే. లోకంలో ఊరికే అనరు."

"లోకం సంగతి నాకు తెలవదు." నాంచారమ్మ రెండు చేతులూ చాపి చూపించింది. మట్టి పట్టి, పగుళ్లు తేలి ఉన్న చేతులు. అప్పుడు చూశాను, ఆమె చేతులకూ గాజులు లేవు. "నా మొగుడు యేటకెళ్ళి సముద్రంలోనే ఉండిపోయాడు. నా చిన్నది అప్పుడు కడుపులో ఉంది. ఆనాటి నించీ ఈ చేతుల్తోనే కోత్తన్నా, ఈ చేతుల్తోనే తూత్తన్నా. బందరు సగం ఈ చేతుల మీది కూరే తింటంది. పెళ్ళిళ్లకి తీసుకెళ్తారు, వ్రతాలకి తీసుకెళ్తారు. నా చెయ్యి తూత్తే తప్పు లేదు గానీ, మీ చెయ్యి ఇత్తే తప్పొచ్చిందా? ఇదేం నాయం?"

అత్తయ్య ఆ చేతుల వంక చూసింది.

"ఇందాక ఇద్దరొచ్చారు, బోణీ మా అమ్మగారిది, ఆనక రండని పంపేశా. నిన్న అట్టా ఎళ్ళిన మనిషి ఇవాళ రాకుండా ఉంటారా? మీరు రాకపోతే ఇవాళ కూడా నష్టపోదును, ఆ పాపం మీదే. ఇంతకీ కొంటారా, కొనరా?"

అలా బెదిరిస్తే తప్ప మా అత్తయ్య కదిలేది కాదు. వంగింది. ఈసారి చెప్పు కోసం కాదు. గంపలోంచి ఒక బీరకాయ తీసింది. దాని మీద తడి ఇంకా ఆరలేదు, కొన దగ్గర పువ్వు ఎండి అతుక్కుని ఉంది. ఆమె దాన్ని బేరగాళ్లు చూసినట్టు గోరు గుచ్చి చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పొద్దున్న బీరకాయకి ఇంత వాసన ఉంటుందటే?" అంది, మా ఇద్దరిలో ఎవరితోనో.

ఎన్నేళ్లుగానో మా ఇంటికి కూరలు తెచ్చిన మనిషి.

ఆ రోజు ఆమె బేరం ఆడలేదు. నాంచారమ్మ రేటు చెప్పింది, ఇచ్చేసింది. నాంచారమ్మకే మనసొప్పక, "బోణీ బేరం, కాస్త తగ్గించి అడగండమ్మగారూ, బాగోదు" అని గొడవపెట్టి, తనే తగ్గించి, గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఒక కరివేపాకు రెబ్బ కొసరు వేసింది. డబ్బులు కళ్లకద్దుకుంది. నిమ్మకాయలామె మొహం తిప్పుకుంది. ఆమె తరవాత కూడా చాలాకాలం తిప్పుకునే ఉంది. ఒకరిద్దరు వాడుకవాళ్లు నాంచారమ్మ దగ్గర కొనడం మానేశారని కూడా విన్నాం. అత్తయ్య బాధపడితే, "వాళ్లు అరువు బేరగాళ్లులెండి, పోతే పోయారు, నా నెత్తిన పాలు పోశారు" అంది నాంచారమ్మ. అది నిజమో, మా అత్తయ్యను ఊరడించడానికి అన్నదో నాకు తెలియదు.

లోకం మారిపోయిందని చెప్పను. మిగతా అందరి దగ్గరా అత్తయ్య ఎప్పట్లాగే బజారు చివరి వేళే కొనేది. నాంచారమ్మ దగ్గర మాత్రం పొద్దున్నే, మొదట. అప్పటి నుంచి మా ఇంట్లో కూరలకు రెండు రుచులు వచ్చాయి, ఉదయపువీ మధ్యాహ్నపువీ. డబ్బు కాస్త ఎక్కువే అయింది. ఆ తరవాతి సోమవారం భరిణె మూత సరిగ్గా పడలేదు, నాన్న అంత కుక్కాడు. ఏ ఖర్చు తగ్గించుకుని అది పెట్టాడో చెప్పలేదు. సాయంత్రాలు సెంటర్లో స్నేహితులతో తాగే టీ మాత్రం మానేశాడని తరవాత అమ్మ కనిపెట్టింది.

అన్నం తింటూ ఒకరోజు నాన్న, "ఈమధ్య కూరలు లేతగా ఉంటున్నాయి అక్కయ్యా" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

"ఎండ తగలకముందే దారికొస్తున్నాయిలే" అంది అత్తయ్య, తనూ ఏమీ ఎరగనట్టు.

నా పెళ్ళై గుడివాడ వచ్చాక అత్తయ్యను పండగలకూ పబ్బాలకూ చూడడమే. చివరి రోజుల్లో ఆమె మంచం దిగలేకపోయింది. ఒక ఉదయం నేను బందరులోనే ఉన్నాను. తలుపు తీస్తే నాంచారమ్మ, నెత్తి మీద గంపతో. జుట్టంతా నెరిసిపోయింది. బస్టాండు నుంచి మా ఇల్లు బజారుకు దారి కాదు, చుట్టు తిరిగి రావాలి. "బోణీ చేయించుకుపోదామనొచ్చా" అంది, అదేమంత విశేషం కానట్టు. నేను పట్టుకుని గంప దింపాను. నేను అత్తయ్య చేతిలో నాణెం పెట్టబోతే ఆమె తల అడ్డంగా ఊపి, తన తలగడ కింద నుంచి తనే తీసుకుంది. నాంచారమ్మ మంచం దగ్గర గొంతుక్కూర్చుని చెయ్యి పట్టింది. వాళ్లిద్దరూ ఆ రోజు కూడా పోట్లాడుకున్నారు, దోసకాయ చేదుందా లేదా అని.

ఇప్పటి పద్ధతులు వేరు. మా కోడలు ఫోనులో నొక్కితే కూరలు ఇంటి గుమ్మానికి వస్తాయి, ఎవరు కోశారో, ఎవరు తూచారో తెలియదు. వాటిలో కొసరు ఉండదు, బోణీ ఉండదు, పోట్లాట అసలే ఉండదు. అందులో ఒక సుఖం ఉంది, కాదనను. ఏ చెయ్యి మంచిదో ఏ చెయ్యి కాదో ఆ ఫోను అడగదు. అత్తయ్య రోజుల్లో అదొకటి ఉంటే ఆమె అంత ఎండన పడి తిరగాల్సి వచ్చేది కాదు. కానీ అప్పుడు ఆమెను బజారు నడిమధ్య నిలబెట్టి, నువ్వు కొంటేనే నేను అమ్ముతానని బెదిరించే మనిషీ ఉండేది కాదు. ఈ రెంటిలో ఏది మేలో తేల్చుకోవాలని చాలా ఆలోచించాను. తేలలేదు.

నిన్న పొద్దున బండి మా గేటు ముందు ఆగింది. గడియ మీద చెయ్యి వేశాను. "ముందు అటు వెళ్ళిరా" అని నేను అనకముందే శీను అన్నాడు: "మళ్ళీ అటెళ్ళి రమ్మంటారా మేడం? రోజూ అట్టాగే అంటారు. నేనొచ్చేసరికి మంచియ్యన్నీ అయిపోతన్నాయి. సారు ఉన్నప్పుడు మొదటి బేరం మీదే కదా."

"సారు లేరుగా" అన్నాను. అనడానికి అంత కష్టమైన మాట కాదు, కానీ గేటు దగ్గర నిలబడి అనడం అదే మొదటిసారి.

శీను తల వంచుకున్నాడు. తరవాత ఒక బీరకాయ తీసి గేటు మీంచి నాకు అందించాడు. "లేతయ్యండి, చూడండి" అన్నాడు. నేను గోరు గుచ్చి చూడలేదు. గడియ తీసి బయటికి వెళ్ళాను.

తూచాక ఫోను తీశాను. "మొదటి బేరం మేడం. ఫోన్లో వద్దు, ఏదన్నా చేతికియ్యండి" అన్నాడు సిగ్గుపడుతూ. ఇంట్లోకి వచ్చి వెతికితే చిల్లర ఎక్కడా కనబడలేదు. కోడలి దగ్గరా లేదు. ఆయన పోయాక తలుపు వెనక కొక్కేనికి అలాగే ఉన్న గుడ్డసంచి తీశాను. దాని పక్కజేబులో, శీనుకు ఇవ్వడానికని ఆయన ఎప్పుడూ ఉంచుకునే చిల్లర, నలిగిన నోట్లు రెండు, కొన్ని నాణేలు. ఎండిన కొత్తిమీర ఆకు ఒకటి వాటికి అంటుకుని ఉంది.

సంచితో సహా వెళ్ళాను. శీను డబ్బు రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుని, తూకం మిషనుకు తాకించాడు. నాంచారమ్మ చేసినట్టే. ఎవరు నేర్పారో వాడికి.

"ఏంటి మేడం, ఇవాళ బేరమే ఆడలేదు?" అన్నాడు.

"బోణీ కదయ్యా" అన్నాను.

రాత్రి డైరీ తీశాను. ఇన్నేళ్ల అలవాటుగా ధర రాయబోయి ఆగాను. "బీరకాయలు. లేతవి. బోణీ నాది" అని రాశాను.